కెయిట్లిన్ క్లార్క్ తొలి సీజన్ పాస్‌లను ఎలా చూసి అర్థం చేసుకోవాలి?

నమస్కారం. అమెరికా మహిళల ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ డబ్ల్యూఎన్‌బీఏలో ఇండియానా ఫీవర్ జట్టు గార్డు (బంతిని నడిపించే క్రీడాకారిణి) కెయిట్లిన్ క్లార్క్ 2024లో ఆడిన తొలి సీజన్ మ్యాచ్‌లను ఇప్పుడు వరుసగా చూస్తున్నాను. అందరూ మెచ్చుకునే ఆ దూరపు త్రీ పాయింటర్ల కంటే నన్ను కట్టిపడేస్తున్నవి ఆమె పాస్‌లే. రీబౌండ్ (బుట్టలో పడక తిరిగొచ్చిన బంతి) చేతికందిన మరుక్షణం తల పైకెత్తి, సగం కోర్టు అవతల పరుగెత్తుతున్న సహచరికి సరిగ్గా రెండడుగుల ముందు పడేలా బంతిని విసురుతుంది. ఆ సహచరి అక్కడికి చేరుతుందని ముందే ఎలా పసిగడుతుందో, ఎన్నిసార్లు వెనక్కి తిప్పి చూసినా నాకు అంతుపట్టడం లేదు.

నా అసలు సందేహం వేరే ఉంది. ఆ జులై 17న డల్లాస్ వింగ్స్‌పై ఒకే మ్యాచ్‌లో 19 అసిస్ట్‌లు (సహచరి బాస్కెట్ చేయడానికి దారితీసిన పాస్‌లు), సీజన్ మొత్తంలో 337 అసిస్ట్‌లు ఇచ్చి లీగ్ రికార్డులు నెలకొల్పిన అమ్మాయే 223 టర్నోవర్లతో (బంతిని ప్రత్యర్థికి పోగొట్టుకోవడం) మరో రికార్డునూ మూటగట్టుకుంది. (మా ఇంట్లోవాళ్లు ఈ చివరి అంకెనే పట్టుకుని నన్ను ఆటపట్టిస్తుంటారు.) ఇది కొత్త క్రీడాకారిణి తొందరపాటా, ఇద్దరేసి డిఫెండర్లు మీదపడటం వల్లనా, లేక సహచరులు ఆ వేగానికి ఇంకా అలవాటు పడకపోవడమా? నాకైతే మూడోదే ఎక్కువనిపిస్తుంది.

బాస్కెట్‌బాల్ ఆడినవారు గానీ శిక్షణ ఇచ్చినవారు గానీ దయచేసి వివరించగలరా? ముఖ్యంగా పిక్ అండ్ రోల్‌లో (సహచరి డిఫెండర్‌కు అడ్డు నిలిచి, వెంటనే బుట్ట వైపు కదిలే ఎత్తుగడలో) సహచరి అలియా బోస్టన్‌కు బంతి అందించేటప్పుడు నేను క్లార్క్ కళ్లను గమనించాలా, డిఫెండర్ పాదాలనా?