బాత్రూమ్ టైల్స్ సందులకు యాసిడ్ పోయొచ్చా?

పాలకొల్లు కోడలు: మా బాత్రూమ్ కట్టి ఆరేళ్ళయింది. బోరు నీళ్ళు. టైల్స్ బాగానే ఉన్నాయి, సందులే నల్లబడ్డాయి. కుళాయి కింద తుప్పు రంగు. వచ్చే నెల మా ఆడపడుచుకి పెళ్ళిచూపులు. యాసిడ్ పోసి రుద్దించమని మావయ్యగారు అంటున్నారు. పోయొచ్చా అండి?

భీమవరం ఓనరు: నిక్షేపంలా పోయండి. నావి రెండు పోర్షన్లు. పదిహేనేళ్ళుగా ఎవరు ఖాళీ చేసినా యాసిడ్ పోయించి చీపురుతో రుద్దిస్తాను. కొత్తవాటిలా వస్తాయి.

కొత్తపేట మేస్త్రి: వద్దమ్మా. మనవైపు సందుల్లో ఎక్కువగా నింపేది వైట్ సిమెంటే. యాసిడ్ ఉప్పు పొరతో పాటు సిమెంటునీ తినేస్తుంది. పైపొర పోయి లోపలిది బయటపడుతుంది కాబట్టి ఆ రోజుకి తెల్లగా కనిపిస్తుంది. నాలుగుసార్లు పోస్తే సందు గుల్లబారి మురికి ఇంకా తొందరగా పడుతుంది. వంటసోడా ముద్దగా కలిపి రాసి, పావుగంట ఆగి నైలాన్ బ్రష్‌తో రుద్దండి. వైరు బ్రష్ వద్దు. బూజు ఉన్నచోట పల్చటి బ్లీచింగ్ నీళ్ళు చాలు. తుప్పు మరక మీద మాత్రం బ్లీచింగ్ వెయ్యకండి, ముదురుతుంది.

అమలాపురం టీచరు: యాసిడ్, బ్లీచింగ్ ఎప్పుడూ కలవనీయకండి. క్లోరిన్ వస్తుంది. తలుపేసిన బాత్రూమ్‌లో ప్రాణం మీదికొస్తుంది.

భీమవరం ఓనరు: గుల్లబారేదైతే పదిహేనేళ్ళలో నాకు తెలియదా మేస్త్రి గారూ?

కొత్తపేట మేస్త్రి: మధ్యలో ఎన్నిసార్లు వైట్ సిమెంటు పెట్టించారు?

భీమవరం ఓనరు: ఖాళీ అయినప్పుడల్లా పెట్టిస్తాం. అది మామూలే కదా.

కొత్తపేట మేస్త్రి: యాసిడ్ తిన్నదాన్నే మళ్ళీ నింపుతున్నారండి.

నరసాపురం అద్దెదారు: మేం మూడేళ్ళున్న ఇల్లు ఖాళీ చేస్తే, సందులు నల్లబడ్డాయని అడ్వాన్సులో నాలుగు వేలు పట్టుకున్నారు. మేం దిగినప్పుడే గోరు పెడితే పొడి రాలేది. బకెట్‌లో నీళ్ళు రాత్రి ఉంచితే అంచున తెల్లటి పొర కట్టేది. ఉప్పునీళ్ళకి మేం బాధ్యులమా?

భీమవరం ఓనరు: నా రెండు పోర్షన్లకీ ఒకటే బోరు. ఒక బాత్రూమ్ అద్దంలా ఉంటుంది, రెండోది నలుపు. నీళ్ళదే తప్పయితే రెండూ నల్లబడాలి. కడగనివాళ్ళని కడగలేదనే అంటాం.

నరసాపురం అద్దెదారు: ఆ రెండోదానికి కిటికీ ఉందా?

భీమవరం ఓనరు: వెంటిలేటర్ ఉండేది. పక్కింటి గోడ లేచాక మూసేశాం.

నరసాపురం అద్దెదారు: మరి తడెలా ఆరుతుంది? బూజెందుకు పట్టదు? మా ఆవిడ వారానికి రెండుసార్లు మోకాళ్ళ మీద కూర్చుని రుద్దేది. ఆమెని పట్టుకుని కడగలేదన్నారు. నా బాధ నాలుగు వేల గురించి కాదు.

భీమవరం ఓనరు: మీ ఆవిడగారిని నేను అనలేదండి. నా వైపూ చూడండి. అద్దె ఆరు వేలు. రెండు బాత్రూమ్‌లకీ సందుల్లో వైట్ సిమెంటు బదులు ఎపాక్సీ, అదే గట్టిపడే జిగురు లాంటి ఫిల్లింగు, పెట్టిస్తే ఎన్ని నెలల అద్దె పోవాలి? నేనుండే ఇంటికయితే పెట్టించాను.

నరసాపురం అద్దెదారు: మీరుండే ఇంటికి ఎపాక్సీ, మేముండే ఇంటికి యాసిడ్. ఇందాకట్నుంచి నేనడుగుతున్నది ఇదే.

పాలకొల్లు కోడలు: తాళంచెవితో గీకి చూశాను. కుళాయి కింద పొడి రాలుతోంది, మిగతాచోట గట్టిగానే ఉంది. యాసిడ్ వద్దని మావయ్యగారికి చెప్పేశాను. మేస్త్రి గారూ, ఆ నాలుగు సందులే గీకి ఎపాక్సీ పెట్టొచ్చా? ఎన్నాళ్ళు వాడకూడదు?

కొత్తపేట మేస్త్రి: పెట్టొచ్చమ్మా. పాతది లోతుగా గీకి, పూర్తిగా ఆరాకే పెట్టించండి. పెట్టాక కనీసం ఒక రోజు నీళ్ళు తగలనీయకండి. ముందు ఆ కుళాయి కారడం ఆపించండి.