ఫౌండేషన్ బోర్లలోంచే కాలుష్య పరీక్షకీ మట్టి తీస్తే చాలదా?

సైట్‌ఇంచార్జ్:
బెంగళూరు పీణ్యలో పాత ఫ్యాక్టరీ స్థలం. ఒకప్పుడు అక్కడ క్రోమ్ ప్లేటింగ్ షెడ్డు, పక్కనే విడిభాగాలకు జిడ్డు వదిలించే ట్యాంకు ఉండేవి. ఇప్పుడు ఆఫీసు బిల్డింగ్ కడుతున్నాం. నేల గట్టితనం చూసే ఎస్పీటీ పరీక్ష కోసం బోరు మెషీన్ ఎలాగూ వస్తోంది, ఆ మట్టే ల్యాబుకి పంపేద్దామంటాడు మా మేనేజర్. కుదరదు, వేరే బోర్లు వేయాలంటాడు కన్సల్టెంట్. ఒకే మట్టికి రెండు బిల్లులా? సైట్ అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

మట్టిమనిషి:
మీ మేనేజర్ మాటే కరెక్ట్. 63.5 కిలోల సుత్తి 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడుతుంది, స్ప్లిట్ స్పూన్, అదే రెండు చెక్కలుగా విడిపోయే గొట్టం, 45 సెంటీమీటర్లు దిగుతుంది. విప్పితే మట్టి చేతిలో ఉంటుంది, లోతు రిజిస్టర్‌లో ఉంటుంది. ఇంకేం కావాలట? కన్సల్టెంట్లు బిల్లు పెంచే దారులు వెతుకుతుంటారు.

ల్యాబ్‌అక్క:
అన్నా, స్పూన్‌తో నాకు పేచీ లేదు, నీళ్లతోనే. నాలుగు మీటర్లు దిగగానే మనవాళ్లు నీళ్లో, బెంటోనైట్ అనే బంకమట్టి కలిపిన ద్రవమో పోసి బోరు కడిగేస్తారు. ప్లేటింగ్ షెడ్డు కింద వెతకాల్సిన హెక్సావాలెంట్ క్రోమియం నీళ్లలో కరిగే సరుకు. అది కొంత ఆ నీళ్లతోనే పోతుంది. ఇక జిడ్డు ట్యాంకులో వాడే ట్రైక్లోరోఇథిలీన్ ఆవిరైపోయే రకం. మట్టిని పాలిథిన్ కవర్లో ముడేసి సాయంత్రం దాకా ఎండలో ఉంచితే ల్యాబులో మాకేం దొరుకుతుంది? రిపోర్టులో 'దొరకలేదు' అని వస్తుంది, అందరూ సంతోషిస్తారు.

స్పూన్ విప్పిన వెంటనే మధ్య భాగంలోంచి ఐదు గ్రాములు చిన్న సిరంజి గొట్టంతో తీసి, అక్కడికక్కడే మెథనాల్ సీసాలో వేసి, ఐస్ బాక్సులో పెట్టాలి. డబ్బు మిగులుతుందని మూడు లోతుల మట్టి కలిపి ఒకటే శాంపిల్ చేసేవాళ్లనైతే ఏమనాలో తెలీదు. కలిపేటప్పుడే సగం ఆవిరవుతుంది, మిగిలింది పలచబడుతుంది.

మట్టిమనిషి:
సరే, నీళ్లు వద్దు. గొట్టాన్ని నేరుగా నేలలోకి దించే డైరెక్ట్ పుష్ తెమ్మంటావు, అంతేగా? మద్రాసులో మణలి వైపు ఒండ్రులో అది బాగానే దిగుతుంది. ఇక్కడ ఎర్రమట్టి దాటితే మొరం, దాని కింద నైస్ అనే గట్టి రాయి. అక్కడ రాడ్డు మొరాయిస్తే ఏం చేస్తావమ్మా?

బోరుబాబాయ్:
రిగ్ నడిపేవాణ్ణి, నేను చెబుతా. హాలో స్టెమ్ ఆగర్, అంటే మధ్యలో బోలుగా ఉండే మరలాంటి బర్మా, అడగండి. నీళ్లు అక్కర్లేదు. ఆగరే బోరు కూలకుండా పట్టుకుంటుంది, దాని బోలులోంచి స్పూన్ దిగుతుంది. గట్టి మొరంలో అదీ ఆగుతుంది, నిజమే. కానీ ఆ తర్వాత డీటీహెచ్‌తో, అంటే రాయిని కొట్టే గాలి సుత్తితో, గాలి కొట్టి తీసిన పొడిని మాత్రం ల్యాబుకి పంపకండి. ఆ గాలికి ఆవిరయ్యేదేదీ మిగలదు, పైగా కంప్రెసర్ ఆయిల్ తగులుతుంది.

ఇంకోటి. మా కుర్రాళ్లు రాడ్ల మరలకు గ్రీజు పూస్తారు. రిపోర్టులో హైడ్రోకార్బన్లు వస్తే పాత ఓనర్‌ని తిట్టేముందు ఆ డబ్బా సంగతి చూసుకోండి. బోరుకీ బోరుకీ మధ్య స్పూన్‌ని సబ్బుతో కడగాల్సిందే.

నీటిజాడ:
అసలు ప్రమాదం గురించి ఎవరూ మాట్లాడలేదు. ట్రైక్లోరోఇథిలీన్ నీటికంటే దాదాపు ఒకటిన్నర రెట్లు బరువు. మట్టిలోంచి జారి రాతి మీద చేరి, పగుళ్ల కోసం చూస్తుంటుంది. ఫౌండేషన్ బోరు రాతిలోకి వెళ్తుంది కదా! జిడ్డు ట్యాంకు ఉన్నచోటే అది వేస్తే, పైనున్న విషాన్ని కింద బోరుబావుల నీటిలోకి మీరే దింపినట్టు. పీణ్య భూగర్భ జలాల్లో ఇప్పటికే ఉన్న క్రోమియం చాలదా?

కాబట్టి ముందు కాలుష్య బోర్లు: తక్కువ లోతు, పొడిగా. రిపోర్టు చూశాకే ఎస్పీటీ బోర్ల చోట్లు ఖరారు చేయండి. తప్పనిసరైతే కేసింగ్ పైపు దించి సీల్ చేశాకే రాతిలోకి వెళ్లాలి. అయిపోయాక మట్టి తోసేసి పోకుండా, అడుగు నుంచి పైదాకా సిమెంట్-బెంటోనైట్ గ్రౌట్ నింపాలి.

మీ మేనేజర్‌కి ఇంకో మాట చెప్పండి. 2025 జూలైలో కేంద్రం కలుషిత స్థలాల నిబంధనలు తెచ్చింది. కాలుష్యం ఎవరిదో తేల్చాల్సి వస్తే, మీరు తవ్వకం మొదలుపెట్టకముందు తీసిన సరైన శాంపిలే మీకు దిక్కు.

సైట్‌ఇంచార్జ్:
అంటే రిగ్ ఒకటే అయినా పర్లేదు, ముందు పొడి ఆగర్‌తో కాలుష్య బోర్లు, రిపోర్టు వచ్చాక ఎస్పీటీ. రిగ్ రెండోసారి రావాలంటే మేనేజర్ అరుస్తాడు.

బోరుబాబాయ్:
అరవనీ. ఆర్డర్ ఇచ్చేముందు ఆగర్ సెట్ ఉందో లేదో అడుగు బాబూ, అందరి దగ్గరా ఉండదు.

మట్టిమనిషి:
రిగ్ ఒకటే చాలని మొదట్నుంచీ నేనూ అదేగా అంటున్నది.