కోరింగ మడ అడవి దారిలో వల కనిపిస్తే ఏం చేయాలి?

ప్రశ్న: కాకినాడ దగ్గరి కోరింగ అభయారణ్యంలో చెక్క వంతెన మీద నడక ముగించి, గట్టు వెంట తిరిగి వస్తుండగా, కొంగల కోసం పన్నిన వల కనిపించింది. అక్కడున్న వ్యక్తి, ఇది తమ తాతల నాటి వృత్తి అని, నడకకు వచ్చేవారి కేకలకే పక్షులు బెదిరిపోతున్నాయని వాదించాడు. ఆ వలను నేనే తీసేయవలసిందా?

జవాబు 1: తీయకపోవడమే మంచిదండీ. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వల పన్ని పట్టడం కూడా వేటే కనుక, ఫొటో తీసి అటవీ సిబ్బందికి చూపించండి.

జవాబు 2: మా చేపల చెరువు ఆ పక్కనే ఉంది. పక్షులకని పెట్టిన ఉచ్చులో, అదే చట్టం గట్టి రక్షణ ఇచ్చే జాబితా అయిన మొదటి షెడ్యూలులో చేర్చిన బావురుపిల్లి (చేపలు పట్టి తినే అడవి పిల్లి) కాలు చిక్కుకుని విలవిల్లాడడం చూశాను. ఆ దృశ్యం నేటికీ మరువలేను. అయితే, కేకల గురించి అతను చెప్పినది నిజమే.