అమ్మానాన్నలను రైలు సుషి హోటల్‌కి తీసుకెళ్ళడం తప్పా?

విజయవాడ_వాడిని:
ఏప్రిల్‌లో టోక్యో వెళ్ళొచ్చాం. నేను, మా ఆవిడ, ఎనిమిదేళ్ళ బాబు, అమ్మ, నాన్న. షిబుయాలో ఒక సుషి హోటల్ ఉంది. సుషి అంటే పులుపు కలిపిన అన్నం, ఎక్కువగా చేపతో పెడతారు. టేబుల్ దగ్గర తెర మీద నొక్కితే బొమ్మ బుల్లెట్ ట్రైన్ ప్లేటు మోసుకొచ్చి మన ముందు ఆగుతుంది. బాబు దానికోసం నెల నుంచి కలవరిస్తున్నాడు. అమ్మానాన్నలు చేప, గుడ్డు ముట్టరు. కీరా చుట్టలు, ఇనారి తిన్నారు. ఇనారి అంటే టోఫు సంచిలో అన్నం, తియ్యగా ఉంటుంది. నాన్న నవ్వుతూనే ఉన్నారు. ఇంటికొచ్చాక మా అక్క "పెద్దవాళ్ళని చేపల మధ్య కూర్చోబెట్టావా?" అని మాట్లాడటం మానేసింది. అంత తప్పు చేశానా?

కాకినాడ_కుర్రాడు:
ఏం తప్పు లేదన్నా. జపాన్ దాకా వెళ్ళి పులిహోర పొట్లాలు విప్పుకోవాలా?

ఫుడ్_పిచ్చి:
తప్పు వేరే ఉంది. బొమ్మ రైల్లో వచ్చేది సుషి కాదు. బల్లకి అవతల వంటాయన చేత్తో చేసి ఇస్తే అది సుషి. అంత ఖర్చు పెట్టుకుని వెళ్ళి బొమ్మలాట చూసొచ్చారు.

ఒసాకా_కోడలు:
తొమ్మిదేళ్ళుగా ఇక్కడే ఉన్నాను. బెల్టు మీద ప్లేట్లు తిరిగే సుషి 1958లో మా ఒసాకా పక్కనే పుట్టింది. షిరైషి అనే హోటల్ యజమాని బీరు ఫ్యాక్టరీలో బెల్టు మీద సీసాలు కదలడం చూసి ఆ ఏర్పాటు చేశాడు. తక్కువ మందితో నడపొచ్చు, ధర తగ్గించొచ్చు అన్నది ఆయన ఆలోచన. కూలి పనివాళ్ళు కూడా సుషి తినగలిగారు. దాన్ని బొమ్మలాట అనకండి.
"చేపల మధ్య" అన్న మాట కూడా సరి కాదు. 2023 జనవరిలో ఒక కుర్రాడు అలాంటి హోటల్లో సోయా సాస్ సీసా నాకి వీడియో పెట్టాక, చాలా చైన్ హోటళ్ళు ప్లేట్లు తిప్పడం మానేసి ఆర్డర్ ఇచ్చినవే పంపుతున్నాయి.
కానీ ఇనారి శాకాహారం కాదండి. ఆ టోఫుని మామూలుగా దాషిలో ఉడికిస్తారు. దాషి అంటే పొగబెట్టి ఎండబెట్టిన చేప తురుముతో కాచిన నీళ్ళు.

విజయవాడ_వాడిని:
టోఫు సోయాబీన్స్‌తోనే కదా చేసేది? పైగా ఇనారి వాళ్ళ దేవత పేరు. క్యోటోలో ఆ గుడి చూశాం.

ఒసాకా_కోడలు:
ఇనారి దేవత వాహనం లాంటిది నక్క. నక్కకి వేయించిన టోఫు ఇష్టమని ఆ పేరు వచ్చింది. పేరు దేవుడిదైతే చారు మారిపోదు. గుళ్ళలో వండే షోజిన్ భోజనం వేరు. దానికి దాషి సముద్రపు నాచుతో, పుట్టగొడుగులతో కాస్తారు. కోయాసాన్‌లో బస ఇచ్చే గుళ్ళలో అదే పెడతారు.

కాకినాడ_కుర్రాడు:
రెండు చుక్కల చారుకి ఇంత చర్చా?

రిటైర్డ్_మాస్టారు:
రెండు చుక్కలు నీకు, నాయనా. పోయిన ఏడు మా అబ్బాయి సింగపూర్‌లో ఇలాంటి హోటల్‌కే తీసుకెళ్ళాడు. మనవరాలు చప్పట్లు కొడుతోంది. నేను ఊరబెట్టిన అల్లం ముక్కలు నములుతూ కూర్చున్నాను. రూముకొచ్చి, మా ఆవిడ సంచిలో పెట్టిన అటుకులు తిని పడుకున్నాను. ఆ రోజు ఫొటోలో నేనూ నవ్వుతూనే ఉన్నాను.

విజయవాడ_వాడిని:
మాస్టారూ, మీ అబ్బాయి మీద కోపం నా మీద చూపించకండి. టికెట్లు, వీల్‌చైర్, మందులు అన్నీ నేనే చూసుకున్నాను. ఒక్క పూట బాబు కోసం వెళ్ళాం. మా నాన్న సంతోషంగానే ఉన్నారని నాకు తెలుసు.

ఒసాకా_కోడలు:
సూటిగా అడుగుతాను. దాషి సంగతి మీకు నేను చెప్పాకే తెలిసిందా?

విజయవాడ_వాడిని:
లేదు. అక్కడే మా ఆవిడ ఫోన్‌లో చూసి చెప్పింది. అప్పటికే అమ్మ రెండు తిని "దద్దోజనం కంటే బాగుందిరా" అంది. నేనే చెప్పొద్దన్నాను.

ఫుడ్_పిచ్చి:
ఓహ్.

కాకినాడ_కుర్రాడు:
అయిపోయిందేదో అయిపోయింది. ఇప్పుడు చెబితే ఆవిడకి బాధ తప్ప ఏముంది?

రిటైర్డ్_మాస్టారు:
తెలియక తిన్నదానికి నేను బాధపడను. స్నానం చేసి దణ్ణం పెట్టుకుంటాను, అయిపోతుంది. కానీ తెలిసి నా దగ్గర దాచారంటే, నేను తట్టుకోలేనని మీరే తేల్చేశారన్నమాట. నలభై ఏళ్ళు ఇల్లు నడిపినవాణ్ణి, నా నోట్లోకి ఏం వెళ్ళాలో మీరు నిర్ణయించడమేమిటి? మీ అక్కకి కోపం వచ్చింది చేపల గురించి కాకపోవచ్చు. ఆమెకి ఎవరైనా చెప్పారా?

విజయవాడ_వాడిని:
మా ఆవిడ చెప్పింది. చెబితే అమ్మ ఇంకెప్పుడూ నాతో బయటికి రాదేమోనని భయం. బాబుకి నానమ్మతో వెళ్ళిన మొదటి విదేశీ ప్రయాణం అది.

ఒసాకా_కోడలు:
ఫోన్‌లో చెప్పకండి. ఇంటికెళ్ళి చెప్పండి.

రిటైర్డ్_మాస్టారు:
మా వాడు సెలవుల్లో మళ్ళీ రమ్మని టికెట్ తీస్తానంటున్నాడు. అటుకుల సంగతి వాడికి నేనూ ఇంతవరకు చెప్పలేదు.