63 డబ్బాలు, ఒక గుండిగ, గుమ్మంలో మా అమ్మ

లెక్కల_మాస్టారు (రాజమండ్రి):

అందరికీ నమస్కారం. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. పోయిన నెల మా ఆవిడకు మోకాలి ఆపరేషన్ అయింది, దాంతో వంటగది నా చేతికొచ్చింది. మొదటి రోజు పోపులోకి మెంతుల కోసం వెతికితే మూడు డబ్బాల్లో మెంతులే ఉన్నాయి. నాలుగో డబ్బాలో మా అమ్మాయి ఎల్‌కేజీ నాటి రబ్బరు బాతు. అమ్మాయికి ఇప్పుడు ముప్ఫై ఒకటి.

అలవాటు కొద్దీ లెక్కపెట్టాను. స్టీలు డబ్బాలు 63, మూత సరిపోయేవి 48. కుక్కర్లు 2, గాస్కెట్లు 5. పార్శిల్ కర్రీలు తెచ్చిన ప్లాస్టిక్ డబ్బాల లెక్క మధ్యలోనే వదిలేశాను. చదివింపుల గ్లాసులు రెండు వరసలు. ఒకదాని మీద ‘12-5-83’ అని చెక్కి ఉంది. ఎవరి పెళ్ళో మా ముగ్గురిలో ఒక్కరికీ గుర్తు రాలేదు.

ఇక జిడ్డు. పై అర మీద చెయ్యి పెడితే వేలు అతుక్కుని, లాగితే గానీ రాలేదు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ రెక్కలైతే తారు పూసినట్టున్నాయి. వీడియోలో చూసి వంటసోడా, వెనిగర్ కలిపి పోశాను. నురగ చూసి సంబరపడ్డాను, జిడ్డు మాత్రం కదల్లేదు.

అసలు చిక్కు అమ్మతో. 84 ఏళ్ళు. వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. ఏది బయటికి తీసినా ‘అది ఉండనీరా’ అంటుంది. అటక మీద ఒక ఇత్తడి గుండిగ ఉంది, మసిపట్టి నల్లగా, ఇద్దరం పడితే గానీ దిగదు. దాని జోలికి వెళ్తే ఆ పూట అన్నం తినదు.

జిడ్డు ఎలా వదిలించాలి? గుండిగను ఏం చెయ్యాలి? అమ్మను ఎలా ఒప్పించాలి?

సోడాబుడ్డి:

మాస్టారూ, సోడా క్షారం, వెనిగర్ ఆమ్లం. రెండూ కలిస్తే ఒకదాని పస ఒకటి తీసేస్తుంది. మీరు చూసిన నురగ ఉత్త గ్యాసు. విడివిడిగా వాడండి.

చిమ్నీ ఫిల్టర్లు స్టీలువైతే బకెట్ వేణ్ణీళ్ళలో నాలుగు చెంచాల బట్టల సోడా, కాస్త గిన్నెల లిక్విడ్ వేసి అరగంట నానబెట్టండి. పాత టూత్‌బ్రష్ చాలు. అల్యూమినియం జాలీ అయితే మాత్రం బట్టల సోడా వద్దు, నల్లబడిపోతుంది. దానికి గిన్నెల లిక్విడే. ఫ్యాన్ రెక్కలు విప్పడానికి ముందు ప్లగ్ పీకేయండి. చేతులకు గ్లౌజులు తప్పనిసరి. ప్లైవుడ్ అరలను నీళ్ళతో తడపకండి, ఉబ్బుతాయి. గోరువెచ్చని నీళ్ళలో గుడ్డ పిండి తుడవండి. పైనుంచి కిందికి రండి, నేల ఆఖరున.

రెండు జాగ్రత్తలు. బాత్రూం యాసిడ్, బ్లీచింగ్ ఒకేచోట పడనివ్వకండి, క్లోరిన్ గ్యాసు వస్తుంది. స్టవ్ జరిపే ముందు రెగ్యులేటర్ ఆపండి. గ్యాస్ ట్యూబు మీద గడువు తేదీ ఉంటుంది, అదీ చూడండి.

గోదారి_కోడలు:

గుండిగను తూకానికి అమ్మకండి బాబాయిగారూ! మా పుట్టిల్లు అజ్జరం పక్కనే. తణుకు వైపు ఇత్తడి సామాన్లంటే అజ్జరం పేరే చెబుతారు. చింతపండు నానబెట్టి, గుజ్జులో గళ్ళుప్పు కలిపి, పీచుతో రుద్దండి. మసి మొండిగా ఉంటే ముందు పీతాంబరి పొడి. కడగ్గానే పొడిగుడ్డతో తుడిచెయ్యాలి, ఆరనిస్తే మచ్చలు పడతాయి.

అందులో వండాలంటే మాత్రం కళాయి పెట్టించాలి. గిన్నె కాల్చి, నవాసాగరం చల్లి, తగరం కరిగించి దూదితో లోపలంతా పూస్తారు. కళాయి పోయిన ఇత్తడిలో పులుసులు, చారు పెట్టకూడదు. ఉత్త బియ్యం పోసుకోవడానికైతే కళాయి అక్కర్లేదు.

ఖాళీ_ఇల్లు:

ఇంత ఆలోచన దేనికండీ? ఏడాదిగా వాడనిదంతా తీసి పారేయండి. రేపు భోగి మంటలో కూడా వేసుకోవచ్చు.

లెక్కల_మాస్టారు:

స్టీలు డబ్బాలు భోగి మంటలోనా? ప్లాస్టిక్‌వి వేస్తే పొగకి వీధివీధంతా దగ్గుతుంది. ఏడాది లెక్కయితే మొదట నన్నే పారేయాలి, పోయిన నెల దాకా నేనూ వంటింట్లో పనికొచ్చింది లేదు.

నల్గొండ_సుక్క:

సార్, మీరు తీస్తుంటే అమ్మ చూస్తూ కూర్చుంటే ఎట్లా? ఆమెకు పని అప్పజెప్పండి. మా అత్తమ్మ కూడా ఇట్లనే ఉండె. డబ్బాలు, మూతలు ముందర పోసి ‘జత చెయ్యి అత్తమ్మా’ అన్న. పొద్దుగూకే వరకు ఆమెనే పదిహేను పక్కన పెట్టింది, ‘ఇవెందుకే మనకు’ అని.

డౌటున్నవి సంచిల కట్టి వేరే రూములో పెట్టండి. నెలలో ఎవరూ అడగకుంటే ఇచ్చేయండి. గుండిగ సంగతి మటుకు ఎందుకు ఉంచాలన్నదో అడిగి చూడండి.

లెక్కల_మాస్టారు (పది రోజుల తర్వాత):

సుక్క గారూ, మీ మాటే పనిచేసింది. అమ్మ ముందు చాప వేసి అన్నీ కుమ్మరించాను. జతలు 48 నుంచి 55 అయ్యాయి. ఆ ఏడు మూతలూ మేడ మీద పూలకుండీల కింద ఉన్నాయని అమ్మే చెప్పింది. 21 డబ్బాలు పనమ్మాయికీ, వాళ్ళ చెల్లెలికీ వెళ్ళాయి. ‘12-5-83’ గ్లాసు మాత్రం ఇవ్వనివ్వలేదు.

ఫిల్టర్లు స్టీలువే. నానబెట్టిన నీళ్ళు కాఫీ డికాక్షన్‌లా దిగాయి. ట్యూబు గడువు దాటి రెండేళ్ళయింది. కొత్తది వేయించాను, మా ఆవిడకు చెప్పలేదు.

గుండిగ సంగతి అడిగాను. మాది లంక ఊరు. 1986 ఆగస్టు గోదారి వరదకు నీళ్ళు కిటికీ దాకా వచ్చాయట. నాన్న బియ్యమంతా ఆ గుండిగలో పోసి, మూత చుట్టూ తడిపిండి మెత్తి అటకెక్కించాడట. మూడు రోజులు మా ఇంటివాళ్ళూ, పక్కింటివాళ్ళూ డాబా మీద ఆ బియ్యమే గంజి కాచుకు తాగారట. నేనప్పుడు బీఈడీ చదువుతూ ఊళ్ళో లేను. ముప్ఫై తొమ్మిదేళ్ళుగా ఆ మాట నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

చింతపండు అరకిలో పట్టింది. అడుగున సొట్ట తప్ప బాగానే ఉంది. ఇప్పుడది గట్టు పక్కనే ఉంది, పాతిక కిలోల బియ్యం పట్టింది. వేపాకు అమ్మే వేసింది. ఇన్నాళ్ళూ బియ్యం పోసిన ప్లాస్టిక్ డ్రమ్ము మేడెక్కింది.

నిన్న మా ఆవిడ వాకర్ పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడి ఒకసారి అంతా చూసి, ‘మెంతులేవీ?’ అంది. వెతుకుతున్నాం.