411 సీట్లుండి కూడా బ్రిటన్ ప్రభుత్వానికి ఈ వెనకడుగులేంటి? ఒక పేరోల్ మనిషి గోడు

యూకే_షిఫ్ట్_అక్క (బెంగళూరు), 29 డిసెంబర్ 2025, రాత్రి 8:40

అక్కడ క్రిస్మస్ సెలవులు కాబట్టి ఈ వారం మాకు క్లయింట్ల నుంచి పనులు లేవు, ఆఫీసులో ఏసీ చలి తప్ప. అందుకే ఏడాదిన్నరగా కడుపులో దాచుకున్నది ఇక్కడ కక్కేస్తున్నా.

మాది హిందూపురం. ఉద్యోగం బెళ్ళందూరులో. పదకొండేళ్ళుగా బ్రిటన్ కంపెనీల జీతాల లెక్కలు చేస్తున్నాను, మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి రాత్రి పదిన్నర దాకా. ఆ దేశం నేను ఒక్కసారి కూడా చూడలేదు. కానీ అక్కడి ఆర్థికమంత్రి నోరు తెరిస్తే ఇక్కడ నా శనివారం పోతుంది. కామెరాన్ నుంచి స్టార్మర్ దాకా ఆరుగురు ప్రధానులను ఈ సీట్లో కూర్చునే చూశాను. 2022లో నేషనల్ ఇన్సూరెన్స్ (జీతం మీద ఉద్యోగీ యజమానీ ప్రభుత్వానికి కట్టేది, మేం ఎన్ఐ అంటాం) ఏప్రిల్లో 1.25 శాతం పెంచారు, నవంబర్ 6న మళ్ళీ దించారు. ఏడాది మధ్యలో రేటు మారితే మా పని ఎలా ఉంటుందో పగవాళ్ళకు కూడా వద్దు. అదే ఏడాది లిజ్ ట్రస్ 49 రోజులకే ఇంటికెళ్ళింది. ఇంతకంటే అధ్వానం ఉండదనుకున్నా.

అందుకే 2024 జులైలో లేబర్ పార్టీ స్టార్మర్ గెలిస్తే నిజంగా సంతోషపడ్డాను. లాయరు, ప్రాసిక్యూషన్ శాఖకు అధిపతిగా చేసిన మనిషి, మాట కూడా చప్పగా ఉంటుంది. పేరోల్ వాళ్ళకు చప్పటి ప్రభుత్వమే పరమాన్నం కదా!

వచ్చిన నెల తిరక్కుండానే ముసలివాళ్ళ చలికాలం భత్యం మీద పడ్డారు. దాదాపు కోటి మందికి 200, 300 పౌండ్లు ఎగిరిపోయాయి. ఏడాది తిరిగేలోపు, 35,000 పౌండ్లలోపు ఆదాయం ఉన్నవాళ్ళందరికీ మళ్ళీ ఇస్తామన్నారు. వికలాంగుల భత్యానికి కోత పెట్టబోయి, సొంత ఎంపీలే ఎదురు తిరిగితే ఓటింగుకు కొద్దిసేపటి ముందు వెనక్కి తీసుకున్నారు. 10 లక్షల పౌండ్లు దాటిన పొలాలకు 20 శాతం వారసత్వ పన్ను అన్నారు, రైతులు ట్రాక్టర్లేసుకుని లండన్‌కొచ్చారు, ఇప్పుడు ఈ 23న ఆ హద్దును 25 లక్షలకు పెంచారు. పద్నాలుగు నెలలు తిట్లు తిన్నాక!

చిన్నప్పుడు మా అవ్వ చెప్పేది, దొంగకు రాజుగారు మూడు శిక్షల్లో ఒకటి ఎంచుకోమంటే, వంద ఉల్లిపాయలూ తిని, వంద కొరడా దెబ్బలూ తిని, చివరికి వంద వరహాలూ కట్టాడని. నాకు ఆ దొంగే గుర్తొస్తున్నాడు.

వెనక్కి తీసుకోనిది ఒక్కటే ఉంది, అది నా నెత్తిన పడింది. ఎన్నికలప్పుడు ఎన్ఐ పెంచబోమని రాసిచ్చారు. గెలిచాక, ఆ మాట ఉద్యోగి వాటా గురించే అని తేల్చి, యజమాని వాటాను 2025 ఏప్రిల్ నుంచి 13.8 నుంచి 15 శాతం చేశారు. జనం రేటునే చూశారు, అసలు దెబ్బ దాని పక్కనుంది: ఏడాదికి 9,100 దాటితే కట్టాల్సింది 5,000 దాటగానే అన్నారు. మా క్లయింటు ఒకాయనకు నాలుగు కెఫేలున్నాయి. వాళ్ళ లెక్కల ఆమె మార్చిలో ఫోన్ చేసి, శనాదివారాలు మాత్రమే వచ్చే పిల్లలకు ఎంతవుతుందని అడిగింది. ఏడాదికి 9,000 తీసుకునే, 21 నిండిన అమ్మాయికి అంతవరకు యజమాని కట్టేది సున్నా. ఇప్పుడు 600 పౌండ్లు. ఫుల్ టైం 30,000 జీతగాడికి 2,884 పోయి 3,750. చిన్న సంస్థలకిచ్చే మినహాయింపు 5,000 నుంచి 10,500కు పెంచారు, అదీ చెప్పాను. ఆమె కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "అయితే ఇద్దరి పేర్లు ఏప్రిల్ షీట్లోంచి తీసెయ్" అంది. ఆ రెండు వరసలు నేనే డిలీట్ చేశాను.

ఇక మొన్న నవంబర్లో అయితే ఆదాయపు పన్నే పెంచేస్తారన్నట్టు ఆర్థికమంత్రి రీవ్స్ ముందే ఉపన్యాసమిచ్చింది. మా మేనేజరు టెస్టు ఫైళ్ళు సిద్ధం చేయమన్నాడు. పది రోజులకు అది లేదన్నారు. 26న బడ్జెట్, మాకు సాయంత్రం ఆరు. ఆమె లేచి నిలబడకముందే బడ్జెట్ అంచనాలు వేసే సంస్థ పత్రం మొత్తం నెట్‌లో బయటపడింది, దాని అధిపతి తర్వాత రాజీనామా చేశాడు.

నా ప్రశ్న ఒక్కటే. 650లో 411 సీట్లున్నవాళ్ళకు ఈ భయం దేనికి? ఇష్టం లేకపోతే ఎంపీలు స్టార్మర్‌ను దించరెందుకు? మా తమ్ముడు బర్మింగ్‌హామ్‌లో ఉన్నాడు కాబట్టి నాకిది ఊసుపోక కాదు. 2021 ఆగస్టులో వెళ్ళాడు. ఐదేళ్ళకు పర్మనెంట్ రెసిడెన్సీ వస్తుందని రోజులు లెక్కపెట్టుకుంటున్నాడు, ఇప్పుడు పదేళ్ళంటున్నారు.

---

సర్జాపుర_బాబు, రాత్రి 8:58

అక్కా, నాలుగు కిలోమీటర్లకు గంటన్నర పట్టే ఊళ్ళో కూర్చుని లండన్ గురించి బాధపడుతున్నావంటే నీకు చేతులెత్తి మొక్కాలి. ముందు మన గుంతల సంగతి చూడు.

---

వేళచ్చేరి_మాస్టారు (చెన్నై), రాత్రి 9:20

అమ్మా, కాలేజీలో రాజనీతిశాస్త్రం చెప్పి రిటైరైన వాణ్ణి. 411 అనే అంకెను చూసి మోసపోకండి. ఆ సీట్లు వచ్చింది 33.7 శాతం ఓట్లతో. కన్సర్వేటివ్‌ల ఓటు రిఫార్మ్ పార్టీ చీల్చింది. ఆ రిఫార్మ్‌కు 14 శాతం ఓట్లొచ్చి దక్కింది ఐదు సీట్లే. మా చెన్నై చెరువుల్లా అన్నమాట, చూడ్డానికి విశాలం, దిగితే మోకాలి లోతు. వచ్చిన ఎంపీల్లో చాలామంది కొత్తవాళ్ళు, మొత్తం సభలోనే 335 మంది మొదటిసారి గెలిచినవాళ్ళు. తక్కువ మెజారిటీతో గట్టెక్కిన మనిషికి నియోజకవర్గంలో ముసలమ్మ తిడితే నిద్ర పట్టదు.

రెండోది మనవాళ్ళు మర్చిపోయేది. మన దగ్గర 1985 నుంచి ఫిరాయింపుల చట్టం ఉంది, విప్ ధిక్కరిస్తే సీటే పోవచ్చు. అక్కడ అది లేదు. పార్టీ సస్పెండ్ చేస్తుంది, ఎంపీ ఎంపీగానే ఉంటాడు. ఇద్దరు పిల్లలకు మించి భత్యం లేదన్న నిబంధన ఎత్తేయమని ఓటేసినందుకు 2024 జులైలో ఏడుగురిని స్టార్మర్ సస్పెండ్ చేశాడు. మొన్నటి బడ్జెట్లో ఆ నిబంధనను తానే ఎత్తేశాడు! ఇక ఎవరు భయపడతారు? వికలాంగుల బిల్లు మీద 120 మందికి పైగా సంతకాలు పెట్టారంటే అందుకే.

దించడం మాటంటారా, పోటీకి దిగేవాడికి లేబర్ ఎంపీల్లో ఐదో వంతు, అంటే దాదాపు 80 మంది మద్దతు రాతపూర్వకంగా కావాలి. తిట్టేవాళ్ళు దొరుకుతారు, సంతకం పెట్టేవాళ్ళు కావాలి కదా. పైగా పోటీకి దిగగల మనిషి, ఉపప్రధానిగా ఉన్న రేనర్ ఇల్లు కొన్న పన్ను 40,000 పౌండ్లు తక్కువ కట్టి సెప్టెంబరులో రాజీనామా చేసింది.

ఒక్క మాటలో మాత్రం మీతో ఏకీభవించను. తప్పని తెలిశాక వెనక్కి తగ్గడం తప్పు కాదు. మన దగ్గర ఏ ప్రభుత్వమైనా అంత తొందరగా తగ్గిందా చెప్పండి.

---

లెస్టర్_చిన్నోడు, రాత్రి 9:47

అక్కా, నేనిక్కడ నాలుగో ఏడు. మాస్టారు గారు చెప్పింది పుస్తకం ప్రకారం కరెక్టే. కానీ మా ఇంటి ఓనరమ్మను చూస్తే వేరేగా అనిపిస్తుంది. 81 ఏళ్ళు, ఒక్కతే ఉంటుంది. పోయిన చలికాలం ఆమెకు ఆ 300 రాలేదు. హాల్లో హీటరు కట్టేసి, వంటింట్లో ఓవెన్ తలుపు కొంచెం తీసి దాని ముందు స్వెటరుతో కూర్చునేది. బ్రెడ్డు కాల్చాక వేడి వృథా కాకూడదట. ఈ ఏడాది డబ్బులొచ్చాయి. "ఇచ్చారు కదా" అన్నాను. "తీసుకుంది గుర్తుంది నాయనా" అన్నట్టు చూసింది. జీవితమంతా లేబరుకే వేసిన మనిషి, ఈసారి రిఫార్మ్ అంటోంది. నాలాంటి వాళ్ళు ఎక్కువైపోయారనే పార్టీ అది, అయినా ఆదివారం నాకు కేకు పెడుతుంది.

మనవాళ్ళను నిజంగా కుదిపింది వలసల మీద స్టార్మర్ మే 12 ఉపన్యాసం. "అపరిచితుల ద్వీపం" అయిపోతాం అన్నాడు. తర్వాత ఆ మాట అన్నందుకు బాధపడుతున్నానన్నాడు, అదీ వెనకడుగే. కానీ కేర్ వర్కర్లను బయటి దేశాల నుంచి తెచ్చుకోవడం జులైలో మూసేశారు, దాంట్లో వెనకడుగు లేదు. గొంతు లేనివాళ్ళ దగ్గర మాత్రం గట్టిగానే నిలబడతారు.

మీ తమ్ముడి జీతమెంత? 50,270 దాటి మూడేళ్ళుంటే ఐదేళ్ళు తగ్గిస్తామని ప్రతిపాదన. ఇంకా చట్టం కాలేదు, 2026 ఫిబ్రవరి 12 దాకా అభిప్రాయాలు తీసుకుంటున్నారు. ఫారం నింపమనండి. దేశం బయటున్న రోజుల లెక్క ఇప్పుడే రాసి పెట్టుకోమనండి.

---

యూకే_షిఫ్ట్_అక్క, రాత్రి 10:25

బాబూ, గుంతల మీద వేరే పోస్టు రాస్తాలే, దానికి ఈ పేజీ చాలదు.

మాస్టారూ, ఫిరాయింపుల సంగతి నాకు తట్టనే లేదు, నమస్కారం. కానీ తగ్గడం తప్పు కాదన్నారు చూడండి, ఆ మాట కెఫేలో పోయిన ఇద్దరు పిల్లలకు చెప్పలేను. వాళ్ళ విషయంలో ఎవరూ తగ్గలేదు. చిన్నోడు చెప్పిందే నిజం, అరిచే సత్తా ఉన్నవాళ్ళకే వెనక్కి ఇస్తున్నారు.

చిన్నోడా, తమ్ముడి జీతం 46,000. నువ్వు చెప్పిన 50,270 కేవలం వీసా హద్దు కాదు, 40 శాతం పన్ను మొదలయ్యేది కూడా అక్కడే. ఆ హద్దునూ, 12,570 మినహాయింపునూ 2031 దాకా కదపబోమని మొన్న బడ్జెట్లో చెప్పారు. అంటే ఆ మినహాయింపును చూపే 1257ఎల్ పన్ను కోడ్ నేను ఇంకో ఐదేళ్ళు కొడుతూనే ఉంటా. పన్ను దగ్గర జీతం పెరక్కపోతే బాగుండుననిపిస్తుంది, వీసా దగ్గర పెరగాలనిపిస్తుంది.

ఇందాకే వాడికి ఫోన్ చేశాను. ఫారం అప్పుడే నింపేశాడట. అమ్మ పక్కనుంచి ఫోన్ లాక్కుని, "ఆ ప్రధానమంత్రి దిగిపోతే వీడికి త్వరగా వస్తుందా?" అని అడిగింది. వచ్చేవాడు పదిహేనేళ్ళు అనకుండా ఉంటే చాలమ్మా అన్నాను. క్యాబ్ కింద హారన్ కొడుతున్నాడు, వెళ్ళొస్తా.