అప్‌డేట్: అచ్చులను బట్టి గ్రీకు బంగారు నాణేల లెక్క

ప్రాచీన గ్రీకుల బంగారు నాణేలు మొత్తం ఎన్ని ముద్రించారో అచ్చులను (నాణెం మీద బొమ్మ పడేలా కొట్టే లోహపు దిమ్మలను) బట్టి చెప్పగలమా అని అడిగాను కదా. జవాబులిచ్చిన అందరికీ థాంక్స్. మీరు చెప్పినట్టే అలెగ్జాండర్ స్టేటర్ల (ఆయన పేరిట వేసిన బంగారు నాణేల) ఫొటోలు పక్కపక్కన పెట్టి చూశాను. బొమ్మవైపు ఎథీనా దేవత, బొరుసువైపు విజయ దేవత నైకీ. ఒకే అచ్చులో పడ్డ నాణేల్లో ఎథీనా చెంప మీది సన్నటి పగులు ఒకదానికంటే ఒకదానిలో పెరుగుతూ పోతుంది. ఏది ముందు కొట్టారో దాన్నిబట్టే తెలిసిపోతోంది!

అసలు అచ్చులు మనకు దొరికినవి చాలా అరుదు, లెక్కంతా నాణేల మీదే. 100 నాణేల్లో 10 మాత్రమే ఒంటరి అచ్చులవైతే (అంటే ఆ అచ్చుతో కొట్టిన నాణెం ఇంకోటి దొరక్కపోతే), అప్పటి ముద్రణలో దాదాపు 90 శాతం మనకు తెలిసిన అచ్చులదే అనుకోవచ్చు. ఇంతవరకు నాకు నమ్మకం కుదిరింది.

చిక్కల్లా ఒక్కో అచ్చు ఎన్ని కొట్టిందన్న దగ్గరే. గ్రీకు పుణ్యక్షేత్రం డెల్ఫీలోని శాసనాల నుంచి తీసిన, అచ్చుకు 23 వేలు–47 వేల నాణేల అంచనా వెండి నాణేలది. బంగారానికి అది సరిపోకపోవచ్చు: బంగారం మెత్తన, పైగా చాలాసార్లు అచ్చు అరిగేలోపే లోహం అయిపోయేది. క్రీ.పూ. 407–406లో ఏథెన్స్ వాళ్లు బంగారు నైకీ విగ్రహాలు కరిగించారు. ఆ బంగారం సుమారు 14 టాలెంట్లనుకుంటే (టాలెంట్ అప్పటి బరువు కొలత, ఒక్కోదానికి 3 వేల స్టేటర్లు), మొత్తం స్టేటర్లుగా కొట్టినా 42 వేలకు మించవు. అందుకే ముందు లోహం లెక్క తెలిసిన ముద్రణలే తీసుకుంటున్నాను. ఇప్పుడు ఆ ఏథెన్స్ నాణేల అచ్చులు పోల్చుతున్నాను.